డైరెక్టర్ల బాధ్యత: బోర్డుల్లో వినిపించే అపోహలు, కోర్టులు తేల్చిన వాస్తవాలు

కంపెనీ బోర్డులకు న్యాయ సలహా ఇచ్చే మాకు ఈ మాటలు తరచూ ఎదురవుతుంటాయి.

అపోహ: కంపెనీ నష్టపోతే డైరెక్టర్లు జేబులోంచి కట్టాలి.

వాస్తవం: అలాగైతే డైరెక్టరుగా ఉండటానికి ఎవరూ ముందుకు రారు. డిస్నీ కంపెనీ అధ్యక్షుడు మైకేల్ ఓవిట్జ్ ఏడాదిన్నర కూడా పనిచేయకుండానే, పదవి వీడినందుకు దాదాపు 13 కోట్ల డాలర్లతో వెళ్లిపోయారు. అయినా 2006లో అమెరికాలోని డెలవేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు డైరెక్టర్లను బాధ్యులను చేయలేదు. పద్ధతిగా నడుచుకోలేదని చురకలు మాత్రం పడ్డాయి.

అపోహ: వాటాదారులకు మంచి ధర ఇప్పిస్తే ఇక ఎవరూ ఏమీ అనరు.

వాస్తవం: ట్రాన్స్ యూనియన్ కంపెనీ షేరు మార్కెట్లో 38 డాలర్ల దగ్గరుండగా 55కు అమ్మడానికి బోర్డు ఒప్పుకుంది. అయినా 1985లో అదే కోర్టు తప్పుబట్టింది. ఎందుకంటే 1980 సెప్టెంబరు 20న జరిగిన బోర్డు సమావేశం రెండు గంటల్లో ముగిసింది. ఛైర్మన్ వాన్ గోర్కమ్ 20 నిమిషాలు నోటితోనే వివరించారు. 55 ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు, విలువ కట్టిన నివేదికా లేదు. ఆ సాయంత్రమే ఒపేరా ప్రారంభ వేడుకలో ఆయన ఒప్పందంపై సంతకం చేశారు. దాన్ని ఆయనా చదవలేదు, మిగతా డైరెక్టర్లూ చదవలేదు! కోర్టు పట్టుకున్నది ధరను కాదు, ఈ తొందరపాటును.

అపోహ: డైరెక్టర్లు నష్టపరిహారం కట్టనక్కర్లేదని కంపెనీ నిబంధనావళిలో మినహాయింపు ఉందిగా, టెన్షన్ ఎందుకు?

వాస్తవం: ట్రాన్స్ యూనియన్ తీర్పుతో బోర్డులు బెంబేలెత్తాకే, 1986లో డెలవేర్ ఈ వెసులుబాటు తెచ్చింది. అది అజాగ్రత్తకే వర్తిస్తుంది, విశ్వాస ద్రోహానికి కాదు. 2015లో బ్లూ బెల్ కంపెనీ ఐస్‌క్రీమ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా చేరి ముగ్గురు చనిపోయారు. ఆహార భద్రతను చూసుకునే కమిటీ బోర్డులో లేదు, సమావేశాల మినిట్స్‌లో దానిపై క్రమం తప్పకుండా చర్చించిన దాఖలా లేదు. తనిఖీ అధికారుల నిబంధనలు పాటించామని కంపెనీ వాదించింది. అది మేనేజర్ల పని, బోర్డు ఏం చేసిందని 2019లో డెలవేర్ సుప్రీంకోర్టు అడిగింది, డైరెక్టర్లపై వాటాదారు వేసిన కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. పర్యవేక్షణకు బోర్డు అసలు ప్రయత్నమే చేయకపోతే అది ఉత్త అజాగ్రత్త కాదు, విశ్వాస ద్రోహం కిందికే వస్తుంది. నా దృష్టిలో బోర్డులు ముందు చదవాల్సిన తీర్పు ఇదే.

అపోహ: మన మనసులో మోసం లేకపోతే లాభం మనదే.

వాస్తవం: 1942 నాటి బ్రిటన్ రీగల్ కేసులో, అనుబంధ సంస్థలో కంపెనీ పెట్టలేని డబ్బు డైరెక్టర్లు పెట్టి లాభపడ్డారు. దురుద్దేశం లేదని తేలినా అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ లాభం కక్కించింది. వాటాదారుల ఆమోదం తీసుకుని ఉంటే బయటపడేవారు. వింతేమిటంటే, ఆ డబ్బు చివరికి చేరింది కంపెనీని కొనుక్కున్న కొత్త యజమానులకే.