కథ నువ్వే చెప్పు అంటే కొందరికి ఆట ఎందుకు చప్పబడుతుంది?

నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ నోటిమాటతో ఆడేవి టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేములు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇవి మొదలయ్యాయి. అది యుద్ధ వ్యూహాల ఆటల్లోంచి పుట్టింది కాబట్టి రూల్స్ ఎక్కువగా కత్తి తగిలిందా, తాళం ఊడిందా, గోతిలో పడితే ఎంత దెబ్బ అనే చూస్తాయి. తర్వాత వచ్చిన ఫేట్, అపోకలిప్స్ వరల్డ్, బ్లేడ్స్ ఇన్ ద డార్క్ లాంటివాటిలో రూల్స్ నేరుగా కథనే పట్టించుకుంటాయి. మంచి ఆటలే. కానీ ఇవి నచ్చనివాళ్లని ఊహాశక్తి లేనోళ్లని తీసిపారేస్తుంటారు చూడండి, అక్కడే నాకు చిరాకు.

ఫేట్‌లో మీది దొంగ పాత్ర అనుకుందాం. "మెరిసేది కనబడితే చెయ్యి ఆగదు" అని వాడి గుణం మీరే రాసుకున్నారు. ఖజానాలోంచి చప్పుడు లేకుండా జారుకుంటుంటే గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపించే మనిషి, ఒక ఫేట్ పాయింట్ మీ ముందుకు తోసి, "ఆ హారం చూశాక వీడు ఆగగలడా? ఈలోపు కాపలావాళ్లు వచ్చేస్తారు, సరేనా?" అంటాడు. ఒప్పుకుంటే పాయింట్ మీది, తర్వాతెప్పుడైనా పాచికల మొత్తానికి రెండు కలుపుకోవచ్చు. వద్దంటే మీరే ఒక పాయింట్ ఇచ్చుకోవాలి. దొంగకేమో దొరక్కూడదని ఉంటుంది, ఆడే మనిషేమో వీడు దొరికితే కథ రక్తి కడుతుందా, ఆ పాయింట్ ముందు ముందు పనికొస్తుందా అని పైనుంచి ఆలోచించాలి.

ఇలా పాత్రలోంచి పైకీ, మళ్లీ పాత్రలోకీ మారడం అందరికీ తేలిక కాదు. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారిన ప్రతిసారీ మనసు కాస్త నెమ్మదిస్తుందని, తప్పులు పెరుగుతాయని మనస్తత్వ శాస్త్ర ప్రయోగాల్లో మళ్లీ మళ్లీ తేలింది. కథలో పాఠకుడు ఎంతగా లీనమయ్యాడో కొలిచేందుకు మనస్తత్వవేత్తలు మెలనీ గ్రీన్, టిమతీ బ్రాక్ 2000లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఆ లీనమవడం అందరిలో ఒకే మోతాదులో ఉండదు. ఈ రెండూ పాచికల ఆటల మీద చేసిన పరిశోధనలు కావు, ఇక్కడికి అన్వయించుకుంటున్నది నేనే. మరి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో లెక్కలు లేవా అంటే బోలెడున్నాయి, అవీ మూడ్ చెడగొడతాయి. కాకపోతే అక్కడ ఆటగాడి లెక్కా పాత్ర కోరికా సాధారణంగా ఒకవైపే ఉంటాయి: బతికి బయటపడాలి.

దొంగల ముఠాగా ఆడే బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో తంటా వేరే. ముందస్తు ప్లానింగ్ దాదాపు ఉండదు. గోడ దూకాక కాపలావాడు ఎదురైతే "వీడికి నిన్ననే లంచం ఇచ్చేశా" అని ఫ్లాష్‌బ్యాక్ వేసుకోవచ్చు, అవసరాన్ని బట్టి కొంత స్ట్రెస్ (పాత్ర ఎంత ఒత్తిడి తట్టుకోగలదో చెప్పే లెక్క) ఖర్చవుతుంది. గంటసేపు మ్యాప్ చూస్తూ వాదించుకోవడం విసుగనిపించేవాళ్లకి ఇది వరమే, నాకూ నచ్చుతుంది. కానీ ఆ వాదనలోనే, ముందే పసిగట్టడంలోనే మజా ఉన్నవాడికి ఏం మిగిలింది? పొడుపుకథ విప్పడానికి కూర్చున్నవాడికి జవాబు నీ ఇష్టం అన్నట్టే.

ఇక అపోకలిప్స్ వరల్డ్ (2010). రెండు పాచికలు వేసి కలిపితే 10, ఆపైన వస్తే పని పూర్తిగా అయినట్టు. 7 నుంచి 9 వస్తే పని అవుతుంది కానీ ఏదో చిక్కుతోనో, ఏదో వదులుకునో. అదనపు పాయింట్లేవీ లేకుండా వేస్తే ఈ నడిమి ఫలితం 36లో 15 సార్లు, అంటే దాదాపు 42 శాతం. అప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త చిక్కు అల్లాలి. ఆ పని గేమ్ మాస్టర్‌దే అయినా, చాలా బల్లల దగ్గర "ఏం జరిగిందో నువ్వే చెప్పు" అని ఆటగాడి వైపు తిరుగుతారు. రోజంతా ఆఫీసులో బుర్ర అరగదీసుకుని వచ్చినవాడికి అది టెన్షనే.

ఈ తేడాలు నిన్న మొన్నటివి కావు. 1980లోనే గ్లెన్ బ్లాకో ఒక గేమింగ్ పత్రిక వ్యాసంలో ఆటగాళ్ల ఇష్టాలను నాలుగు రకాలుగా చూపించాడు, అందులో పాత్రలో జీవించడం, కథ చెప్పడం వేర్వేరు. ఫేట్ ఆడిస్తున్నప్పుడు మీ బల్ల దగ్గర మొదటి రకం మనిషి ఉంటే, ఆ పాయింట్ తోయడం మానేసి కాపలావాళ్లను మీరే పంపించండి. ఆట ఏం కూలిపోదు, వాడికి పాయింట్లు కాస్త కరువవుతాయంతే.