100 వాట్ల ప్యానెల్, రాత్రంతా హీట్ బల్బు: కోళ్ల గూటి సోలార్ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోన్. "సార్, గూటికి 100 వాట్ల ప్యానెల్ పెట్టించా, హీట్ బల్బు రెండు గంటలకే ఆరిపోతోంది, ప్యానెల్ డూప్లికేటా?" డూప్లికేట్ కాదండీ, లెక్క తప్పు. చిన్న సోలార్ సెట్లు బిగించడం నా పని, మా పెరట్లోనూ కోళ్లున్నాయి, అందుకే ఇది కాస్త గట్టిగానే చెప్తున్నా.

అపోహ: 100 వాట్ల ప్యానెల్ ఉంటే గూడు రాత్రంతా వెచ్చగా ఉంచొచ్చు.

వాస్తవం: రోజుకి 5 గంటలు మంచి ఎండ దొరికిందనుకోండి, 500 వాట్-అవర్లు (వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేది). వైర్లలో, బ్యాటరీ ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్‌లో, బ్యాటరీలో పోయేది పోగా 400 మిగిలితే సంతోషం. 250 వాట్ల హీట్ బల్బు 12 గంటలు వెలగాలంటే 3000 కావాలి, అంటే అలాంటి ప్యానెళ్లు ఎనిమిది. బ్యాటరీ సంగతి చెప్పనా? 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేదే 1200 వాట్-అవర్లు, అది నాలుగు కాలాలు బతకాలంటే సగమే వాడాలి, సో బ్యాటరీలు ఓ ఐదు. పది కోళ్ల కోసం!

ఇంతా చేస్తే ఒళ్లంతా ఈకలొచ్చిన పెద్ద కోడికి మామూలు చలిలో ఆ బల్బే అక్కర్లేదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, ఈకలు ఉబ్బించుకుని పక్కపక్కన కూర్చుంటే చాలు. దాన్ని ఇబ్బంది పెట్టేది గూట్లో తేమ, అమ్మోనియా వాసన. జనం చలికి భయపడి కంతలన్నీ సంచులతో కుక్కేసి ఆ రెండూ కొనితెచ్చుకుంటారు. పైన గాలి పోయే దారి ఉండాలి, కోళ్లు పడుకునే ఎత్తులో మాత్రం ఈదురుగాలి కొట్టకూడదు, అంతే. పైగా హీట్ బల్బు ఊడి లిట్టర్‌లో, అదే కింద పరిచిన పొట్టులో పడిందంటే గూడే తగలబడుతుంది.

వేడి నిజంగా కావాల్సింది కోడిపిల్లలకి. మొదటి వారం 32-35 డిగ్రీలు, తర్వాత వారానికో 3 డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. దానికి చిన్న బ్యాటరీని నమ్ముకోకండి. నేను నమ్ముకున్నా. మొదట్లో పాత కారు బ్యాటరీ ఒకటి పెట్టా, అది బండి స్టార్ట్ చేయడానికే గానీ రాత్రంతా పిండడానికి కాదని తెలిసీ ఏం కాదులే అనుకున్నా, తెల్లవారుజామున లేచి చూస్తే బల్బు ఎర్రగా మిణుకుమంటోంది, పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయి, అడుగున రెండు అప్పటికే పోయాయి. మిగతావాటిని అట్టపెట్టెలో వేసి వంటింట్లోకి తెచ్చుకున్నాం. అందుకే రాత్రిపూట కంగారుగా ఫోన్ చేసేవాళ్లని నేను విసుక్కోను.

సోలార్ పనికొచ్చేది ఎండాకాలానికి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఎడంగా పెట్టిందంటే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. 6 వాట్ల డీసీ ఫ్యాన్ 24 గంటలు తిరిగినా 144 వాట్-అవర్లే, పైగా ఎండ మండేటప్పుడే ప్యానెల్ కూడా పనిచేస్తుంది. వేడిగాలిని పైనుంచి బయటికి లాగేలా బిగించండి. మధ్యలో ఇన్వర్టర్ వద్దు, ఫ్యాన్ తినేదానికంటే అది ఊరికే తినేదే ఎక్కువ అవ్వచ్చు.

మిగతావి గబగబా. ఎండ వేడి పెరిగితే కరెంటు పెరగదు, 25 డిగ్రీలు దాటాక ప్యానెల్‌లోని సెల్ వేడెక్కే ప్రతి డిగ్రీకి 0.3-0.4 శాతం తగ్గుతుంది, ప్యానెల్ కింద గాలి ఆడే సందు వదలండి, గూటికి నీడా దొరుకుతుంది. చెట్టు నీడ ఒక మూల పడినా చాలా పోతుంది. గుడ్ల కోసం లైటు పెడితే వెలుతురు మొత్తం 14-16 గంటలు చాలు, అదీ తెల్లవారుజామున వెలిగేలా టైమర్ పెట్టండి, సాయంత్రం టక్కున ఆరితే కోళ్లు పడుకునే కర్ర ఎక్కలేక చీకట్లో కిందే ఉండిపోతాయి. ప్యానెల్ రేడియేషన్‌కి పెట్టలు గుడ్లు మానేస్తాయట! ఎవరు పుట్టిస్తారో ఇవి. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ మాత్రం మర్చిపోకండి.

ఆ ఫోన్ చేసినాయన బల్బు తీసేసి, అదే ప్యానెల్‌కి ఫ్యాన్ పెట్టించుకున్నారు. నిన్న మళ్లీ చేశారు, రాత్రి చల్లగా ఉంది, పైన కంత మూసేయనా అని. మూయొద్దన్నా.