చుక్కలు పోయినా చికిత్స ఆపకండి

విజయవాడ

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంట్లో ఫిష్ ట్యాంక్ ఉన్నవాళ్లు ఈ ఉత్తరం నిదానంగా చదవండి. ముసురు పట్టిన రోజుల్లో, మళ్లీ డిసెంబరు, జనవరి చలిలో చేపలకు తెల్లచుక్కల జబ్బు వస్తుంటుంది. ఒంటి మీద, రెక్కల మీద బొంబాయి రవ్వ అద్దినట్టు చుక్కలు లేస్తాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, మేత ముట్టదు. షాపువాళ్లు దీన్ని 'ఇక్' అంటారు. రొయ్యల రైతులు భయపడే వైట్ స్పాట్ వేరు, అది వైరస్. ఇది పరాన్నజీవి. మీరు సైన్స్ నోట్సులో బొమ్మ గీసే పారమీసియానికి చుట్టం. ఒకే కణం, ఒళ్లంతా శైలికలు, అంటే సన్నటి వెంట్రుకల్లాంటివి.

మందు వేస్తారు, నాలుగు రోజుల్లో చుక్కలు మాయమవుతాయి. హమ్మయ్య అనుకుని ఆపేస్తారు. వారం తిరక్కుండానే ముందుకన్నా ఎక్కువగా వస్తాయి. ఎందుకో చెబుతాను.

మీకు చుక్కలా కనబడేది చేప చర్మం పైపొర కింద దూరి, దాన్నే తింటూ పెరుగుతున్న జీవి. అక్కడున్నంతసేపూ మందు దాన్ని ఏమీ చేయలేదు. బాగా ఎదిగాక అదే చర్మం చీల్చుకుని బయటపడి, అడుగున రాళ్లకో మొక్కలకో అతుక్కుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. చుక్క పోయిందని మనం సంతోషించేది సరిగ్గా అప్పుడే! పొర లోపల అది చీలుతూ చీలుతూ వందల పిల్లలవుతుంది. అవి బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. రెండు రోజుల్లోపు దొరక్కపోతే దాదాపు అన్నీ చస్తాయి. మందుకు దొరికేది ఈ ఈదే దశలోనే. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చల్లటి నీళ్లలో వారాలు పడుతుంది. అందుకే చివరి చుక్క పోయాక కూడా వారం, పది రోజులు చికిత్స సాగాలి.

నన్నడిగితే ముందు రాళ్లుప్పుతో మొదలుపెట్టండి. లీటరుకు 1 నుంచి 2 గ్రాములు, అంటే 40 లీటర్ల ట్యాంకుకు 40 నుంచి 80. మగ్గులో కరిగించి రోజంతా విడతలుగా పోయండి. రోజు విడిచి రోజు, అడుగు రాళ్ల మధ్య మురికిని పైపుతో లాగేస్తూ పావు వంతు నీళ్లు మార్చండి. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి కొత్తగా పోసే నీళ్లకు సరిపడానే కలపాలి. కుళాయి నీళ్లయితే ముందు క్లోరిన్ పోగొట్టాలి. క్యాట్‌ఫిష్‌లకు, లోచ్ అనే రకం చేపలకు, మొక్కలకు ఉప్పు అంతగా పడదు, జాగ్రత్త. హీటరుతో నీళ్లను మెల్లగా 30 డిగ్రీలకు తెస్తే ఇక్ జోరు తగ్గుతుంది. గోల్డ్‌ఫిష్‌కు మాత్రం అంత వేడి వద్దు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంపు ఆపకండి. మలకైట్ గ్రీన్ లాంటి మందులు పెద్దవాళ్లే, గ్లవ్స్ వేసుకుని వేయాలి. ఫిల్టర్లో బొగ్గుంటే అది మందును పీల్చేస్తుంది, ముందే తీసేయాలి.

ఇంకొకటి చేప పేను. కైకలూరు వైపు చెరువుల రైతులకు ఇది బాగా తెలుసు. చదునుగా, అర సెంటీమీటరు ఉంటుంది. రెండు గుండ్రటి కప్పులతో చేపను పట్టుకుని రక్తం పీలుస్తుంది, ఒక్కోసారి ఒంటి మీద పాకుతూ కూడా కనబడుతుంది. చేపను తడి గుడ్డలో పట్టుకుని, పట్టకారుతో తీయించండి. అది అద్దం మీద వరసగా గుడ్లు పెడుతుంది, వాటినీ గీకేయాలి.

అన్ని మందులకన్నా నేను నమ్మేది వేరే టబ్బు. కొత్త చేపను మూడు, నాలుగు వారాలు అందులో ఉంచి చూశాకే ట్యాంకులోకి వదలండి. టబ్బుకు వల కూడా వేరే ఉండాలి. షాపు కవర్లో నీళ్లు ట్యాంకులో పోయకండి.

జబ్బు చేపను చూడలేక ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వదిలేద్దామని మనసు పీకుతుంది. దయచేసి ఆ పని చేయకండి, దాని పరాన్నజీవులు కాలువలోని చేపలకు అంటుకోవచ్చు. చచ్చిపోతే మట్టిలో లోతుగా పాతిపెట్టండి. ట్యాంకు నీళ్లు బాత్రూంలో పారబోయండి.

ఇట్లు,
మీ తాతయ్య