ఊదా కప్ప ఎవరి బంధువు? అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే చాలు, వాట్సాప్‌లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. ఉబ్బిన ఒళ్లు, చిన్న తల, ముక్కు కొసన తెల్లటి బుడిపె, ఊదారంగు చర్మం. కింద "డైనోసార్ల నాటి కప్ప, ఏడాదికి ఒక్కరోజే బయటికొస్తుంది" అని రాసి ఉంటుంది. నేను కప్పల వర్గీకరణ మీద పనిచేస్తానని తెలిసినవాళ్లు దాన్ని నాకు పంపి "ఇది నిజమేనా?" అని అడుగుతారు. ఫొటో నిజమే. కింద రాసినదాంట్లోనే చాలా సర్దుకోవాల్సి ఉంది.

దీని శాస్త్రీయ నామం నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్. కేరళ, తమిళనాడు పరిధిలోని పశ్చిమ కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

అపోహ: 2003 దాకా ఈ కప్ప ఒకటుందని ఎవరికీ తెలియదు

2003 అక్టోబరులో శాస్త్రవేత్తలు ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోస్యూట్ 'నేచర్' పత్రికలో దీనికి పేరు పెట్టారు. నమూనా దొరికింది ఇడుక్కి జిల్లా కట్టప్పన దగ్గర. కానీ పేరు పెట్టడం వేరు, తెలిసి ఉండడం వేరు. మలయాళంలో దీన్ని పాతాళ తవళ అంటారు. ఇడుక్కి కొండల్లో వానాకాలం వాగుల్లోంచి దీని తోకకప్పల్ని పట్టుకుని వండుకు తినే అలవాటు కొందరికి ఉంది. కొండవాళ్లకు తెలిసిన కప్ప మన పుస్తకాల్లోకి ఆలస్యంగా వచ్చింది, అంతే.

అసలు పుస్తకాల్లోకి కూడా సగం ఎప్పుడో వచ్చేసింది. దక్షిణాది కొండల్లో దొరికిన ఒక వింత తోకకప్ప గురించి 1918లోనే జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ రాశాడు. అది పెరిగి ఏ కప్ప అవుతుందో అప్పట్లో తేలలేదు. తేలకపోవడానికి కారణముంది. చెరువులో పెరిగే మామూలు తోకకప్పకి నోరు చిన్నగా, ముందువైపు ఉంటుంది. దీన్ని తిరగేసి లెన్స్ కింద పెడితే తల అడుగుభాగమంతా నోరే కనిపిస్తుంది. ఆ నోటితో రాతిని గట్టిగా పట్టుకుని, వాగు హోరుమని దూకే చోట కొట్టుకుపోకుండా నిలబడి, పాచి గీక్కుని తింటుంది. పెద్దదయ్యాక భూమిలోకి దిగిపోతుంది. రాళ్లకి అతుక్కునే ఈ పిల్లకీ, మట్టిలో బతికే ఆ తల్లికీ పోలిక ఎక్కడ? పక్కపక్కన పెట్టినా ఒకటే జీవి అని చెప్పలేం. తోకకప్పని పెంచి చూడాలి, లేదంటే డీఎన్ఏ పోల్చాలి. 1918లో రెండో దారి లేదు.

అపోహ: ఇలాంటిదే మా పొలంలో కూడా దొరికింది

ఆంధ్ర, తెలంగాణల నుంచి ఈ మాటతో ఫొటోలు వస్తుంటాయి. దాదాపు అన్నీ యూపెరోడాన్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కప్పలు. ఇవీ గుండ్రంగా ఉంటాయి, ఇవీ మట్టి తవ్వుకుని లోపలుంటాయి, వానకే బయటికొస్తాయి, చీమలూ చెదలూ తింటాయి. కానీ వీటి కుటుంబం (ప్రజాతికి పై మెట్టు) మైక్రోహైలిడే. ఊదా కప్పతో దగ్గరి చుట్టరికం లేదు. తేడా చూడాలంటే ముక్కు చూడండి: యూపెరోడాన్‌కి మూతి పొట్టిగా, మొద్దుగా ఉంటుంది, కొసన ఆ తెల్లటి బుడిపె ఉండదు.

మెక్సికోలో రైనోఫ్రైనస్ అనే కప్ప ఉంది. ఊదా కప్ప పక్కన పెడితే అన్నదమ్ములనుకుంటాం, అంత పోలిక. వంశవృక్షంలో మాత్రం రెండూ ఎక్కడెక్కడో ఉన్నాయి. మట్టిలో బతుకుతూ చెదలు తినే కప్పకి పొట్టి కాళ్లు, కోసుగా ఉండే తల, చిన్న కళ్లు, పాదం కింద పారలా పనిచేసే గట్టి బుడిపె ఉంటే బతుకు తేలిక. అందుకే వేర్వేరు వంశాలు విడివిడిగా అదే రూపానికి వచ్చాయి. ఆకారాన్ని బట్టి చుట్టరికం కట్టకూడదని విద్యార్థులకు చెప్పాల్సి వస్తే నేను ముందు చూపించేది ఈ మూడు కప్పలనే.

అపోహ: కోట్ల ఏళ్లుగా మారని 'లివింగ్ ఫాసిల్'

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే దీని వెనకున్న అసలు విషయం ఇంతకంటే గొప్పగా ఉంటుంది.

2003లో డీఎన్ఏ పోల్చి చూస్తే ఊదా కప్పకి అతి దగ్గరి బంధువులు మన దేశంలో దొరకలేదు, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో దొరికాయి. సూగ్లాసిడే కుటుంబం అది. మొత్తం నాలుగే జాతులు. వాటిలో ఒకటైన గార్డినర్ కప్ప పెద్దదైనా సెంటీమీటరు దాటడం కష్టం. ఊదా కప్పలో ఆడది ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. చూపుకి ఎక్కడా పొంతన లేదు.

మరి మధ్యలో సముద్రం ఉందిగా? కప్ప చర్మానికి ఉప్పునీరు పడదు, వేల కిలోమీటర్లు ఈదే ప్రశ్నే లేదు. ఈదింది కప్పలు కాదు, విడిపోయింది నేల. ఒకప్పుడు ఇండియా, సీషెల్స్, మడగాస్కర్ ఒకే ముక్క. మడగాస్కర్ సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది, సీషెల్స్ సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట. ఆ ఉమ్మడి నేల మీద ఉన్న కప్పల వంశంలో కొన్ని అటు, కొన్ని ఇటు మిగిలాయి. ఈ రెండు శాఖలు సరిగ్గా ఎప్పుడు చీలాయన్న లెక్క మాత్రం ఏ జన్యువులు తీసుకున్నాం, కొలతకి ఏ శిలాజాలు వాడాం అన్నదాన్ని బట్టి మారుతుంది. ఫార్వర్డ్ మెసేజ్‌లో ఒకే అంకె గట్టిగా రాసి ఉంటే అనుమానించండి.

పాతది ఆ శాఖ, కప్ప కాదు. శాఖ పాతదైతే సీషెల్స్ కప్పలు కూడా అంతే పాతవి కావాలి, ఎందుకంటే రెండూ చీలింది ఒకేచోట. వాటినెవరూ లివింగ్ ఫాసిల్ అనరు. చెదల కోసమే తయారైన నాలుక, మట్టి తవ్వే పాదం, జలపాతంలో నిలిచే తోకకప్ప... ఇన్ని మార్పులు చేసుకున్న జీవిని పట్టుకుని 'మారలేదు' అనడం ఏం న్యాయం?

అపోహ: శాస్త్రవేత్తలు మాటిమాటికీ కుటుంబం మారుస్తుంటారు, వాళ్లకే స్పష్టత లేదు

బిజు, బోస్యూట్ దీనికి నాసికాబట్రాకిడే అని కొత్త కుటుంబమే పెట్టారు. 2006లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చెందిన డారెల్ ఫ్రాస్ట్, ఆయన సహచరులు ఉభయచరాలన్నింటి వర్గీకరణని తిరగరాస్తూ ఈ కొత్త కుటుంబాన్ని తీసేసి, ఊదా కప్పని సూగ్లాసిడేలోనే కలిపేశారు. ఆ తర్వాత మళ్లీ విడిగా చూపడమే ఖాయమైంది. ఇవాళ అదే మ్యూజియం నడిపే ఉభయచరాల జాబితాలో నాసికాబట్రాకిడే వేరే కుటుంబంగానే ఉంది.

బయటినుంచి చూస్తే గందరగోళమే. కానీ 2003లోనూ 2006లోనూ ఒక్క విషయం మీద తగాదా లేదు: ఊదా కప్పకి సీషెల్స్ కప్పలే దగ్గరి బంధువులు. ఒకే కుటుంబం అనాలా, రెండనాలా అన్నదే చర్చ. ఉమ్మడి కుటుంబం వేరుపడి రెండు రేషన్ కార్డులు తీసుకున్నంత మాత్రాన అన్నదమ్ముల వరస మారదుగా. ప్రజాతి, కుటుంబం, క్రమం లాంటి మెట్లు మన సౌకర్యం కోసం పెట్టుకున్నవి. ఎవరు ఎవరికి దగ్గర అన్నది పరీక్షించి తేల్చే సంగతి. కొత్త డేటా వచ్చినప్పుడు చూడాల్సింది దేన్ని తాకిందన్నదే. చుట్టరికాన్ని తాకితే వార్త. మెట్టుని మాత్రమే తాకితే పుస్తకంలో శీర్షిక మారుతుంది. నా మటుకు నేను రెండు కుటుంబాలు అనడమే మేలంటాను: రెండు శాఖలూ ఇంత కాలం విడిగా నడిచాక, ఇంత వేరైన జీవులని ఒకే పేరు కింద పెడితే ఆ పేరు ఏమీ చెప్పదు.

అపోహ: ఊదా కప్ప అంటే ఒకటే జాతి

2017 దాకా అదే నిజం. ఆ ఏడాది నాసికాబట్రాకస్ భూపతి అని రెండో జాతిని వర్ణించారు. ఇందులో మన హైదరాబాద్ పాత్ర ఉంది: ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ పనిలో ముఖ్యులు. 2014లో అగస్త్యమలై కొండల్లో ఫీల్డ్‌వర్క్‌లో ఉండగా ప్రమాదంలో చనిపోయిన సరీసృపాల నిపుణుడు ఎస్. భూపతి గుర్తుగా ఆ పేరు.

ఇది దొరికింది కనుమలకి తూర్పు వాలులో, తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు దగ్గర. 'డీఎన్ఏ తేడా వచ్చింది, కొత్త పేరు పెట్టేశారు' అనుకునేవాళ్లున్నారు. డీఎన్ఏ ఒక్కటే అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒకే జాతిలో కూడా దూరదూరపు కొండల మధ్య డీఎన్ఏ తేడాలు మామూలే. ఇక్కడ శరీర లక్షణాలు, మగకప్ప అరుపు కూడా వేరుగా ఉన్నాయి. పైగా పడమటి వాలు కప్పలు నైరుతి రుతుపవనాల ముందు జల్లులకి జతకడితే, తూర్పు వాలువి అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలకి జతకడతాయి. జతకట్టే కాలమే వేరైనప్పుడు రెండూ కలిసే వీలు ఎక్కడ? కప్పల్లో అరుపు విని ఆడది వస్తుంది కాబట్టి, కాలమూ అరుపూ రెండూ వేరంటే నాకు అది బలమైన సాక్ష్యం.

అపోహ: ఏడాదికి ఒక్కరోజే బయటికొస్తుంది, అదీ మనిషి అడుగుపెట్టని అడవిలో

పెద్ద కప్పలు నేలపైకి వచ్చేది కొద్ది కాలమే, నిజం. ఒక్కరోజు అని ఎవరు లెక్కపెట్టారో మరి. మగవి మట్టిలోంచే అరుస్తాయి కూడా. తోకకప్పలు మాత్రం మూడు నెలలకు పైగా వాగుల్లో అందరికీ కనిపించేలా ఉంటాయి. ఈ కప్ప విస్తృతిని పట్టుకోవడానికి వెతకాల్సింది వాటినే. ఇక అడవి సంగతి: కట్టప్పన నమూనా దొరికింది ఏలకుల తోటల పక్కన, చెదిరిపోయి మళ్లీ పెరిగిన అడవిలో. మొదట్లో పాలక్కాడ్ కనుమకి (పశ్చిమ కనుమల వరస మధ్యలో ఉన్న ఖాళీకి) దక్షిణానే ఉంటుందనుకున్నారు. తర్వాత ఉత్తరాన కూడా దొరికింది.

కేరళ, తమిళనాడు కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు ఫొటో తీస్తే తేదీ, వాగు పేరు, ఏ వాలో రాసుకోండి. వీలైతే అరుపు రికార్డు చేయండి. తవ్వకండి. తూర్పు వాలులో తీసిన ఫొటోకి సహ్యాద్రెన్సిస్ అని పెట్టేయకుండా 'నాసికాబట్రాకస్' అని ప్రజాతి దగ్గరే ఆపేస్తే, మిగతా సగం పేరు అరుపూ డీఎన్ఏ చూశాక మేం పూర్తిచేస్తాం.