డ్రైవ్ మార్చాక సైటు తెరుచుకోకపోతే

చిరంజీవులకు ఆశీస్సులు.

పాత డ్రైవ్ నిండిపోయిందని సైటు ఫైళ్లన్నీ కొత్తదానిలోకి మార్చామని, అప్పటినుంచి పేజీ తెరిస్తే 403 అనే ఎర్రర్ అంకె వస్తోందని రాశారు. టెన్షన్ పడకండి. 403 వచ్చిందంటే అపాచీ (పేజీలు అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) బాగానే నడుస్తోంది, ఆ ఫోల్డర్ మాత్రం ఇవ్వనంటోంది. అడిగినచోట ఫైలు లేకపోతే 404 వచ్చేది. కోడో సెట్టింగో చెడితే 500 వచ్చేది.

అంకె చూశాక ఎర్రర్ లాగ్ (అపాచీ తనకొచ్చిన తప్పులు రాసుకునే ఫైలు) చివరి వరుసలు చదవండి. చాలామంది నెట్లో దొరికిన చిట్కాలన్నీ ప్రయోగించి, అన్నీ అయ్యాక లాగ్ తెరుస్తారు. మీ ఉబుంటులో అది 'వార్' లోని 'లాగ్' లో, 'అపాచీ2' ఫోల్డర్‌లో ఉంటుంది.

అందులో ఏహెచ్01630 అనే ఎర్రర్ కోడ్ కనిపిస్తే అడ్డుపడుతున్నది అపాచీ కాన్ఫిగరేషనే. సైటు ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే డాక్యుమెంట్‌రూట్ వరుసలో కొత్త దారి రాసి ఊరుకుని ఉంటారు. అది చాలదు. ఉబుంటులో అపాచీ ఒకటి రెండు ఫోల్డర్లు తప్ప డిస్కంతటికీ ముందే తలుపు వేసి ఉంచుతుంది. కొత్త ఫోల్డర్‌కి విడిగా డైరెక్టరీ బ్లాక్ (ఆ ఫోల్డర్‌కి వర్తించే సెట్టింగుల గుంపు) రాసి, అందులో 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' చేర్చి, అపాచీని రీలోడ్ చేయాలి.

ఏహెచ్00035 అని ఉంటే సంగతి వేరు. మీది ఇదే అని నా అనుమానం. అపాచీ మీ పేరుతో నడవదు, 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' అనే వేరే యూజర్‌గా నడుస్తుంది. (నోరు తిరగని పేరే!) చివరి గదిలోకి వెళ్లాలంటే వీధి గుమ్మం నుంచి ప్రతి గుమ్మమూ దాటాలి కదా, అలాగే ఫైలు దాకా ఉన్న ప్రతి ఫోల్డర్ మీదా ఆ యూజర్‌కి 'ఎక్స్' అనుమతి (లోపలికి వెళ్లే హక్కు) ఉండాలి. డెస్క్‌టాప్‌లో డ్రైవ్ మీద క్లిక్ చేసి తెరిస్తే అది 'మీడియా' కింద, మీ పేరున్న ఫోల్డర్‌లో మౌంట్ అవుతుంది, అంటే అక్కడ ఒక ఫోల్డర్‌లా కలుస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి వేరే యూజర్లకు ప్రవేశం లేదు. అందుకే మీకు ఫైళ్లు చక్కగా తెరుచుకుంటాయి, అపాచీకి తెరుచుకోవు. 'నేమ్ఐ -ఎల్' అని కొట్టి పక్కన పూర్తి దారి ఇస్తే ఎక్కడ ఆగిపోతోందో వరుసగా చూపిస్తుంది.

ఇక్కడే ఎవరో ఒకరు 777 (అందరికీ అన్ని అనుమతులూ) పెట్టేయమంటారు. వద్దు. ఆ మెషీన్‌లోని ఏ ప్రోగ్రామైనా మీ ఫైళ్లను మార్చేయగలదు. పైగా దారిలో పై ఫోల్డర్ మూసి ఉంటే దానివల్ల ఫలితమూ ఉండదు. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 చాలు; వాటితో మార్చే హక్కు మీకే, మిగతావారికి చూసే హక్కు మాత్రమే. డ్రైవ్‌ను 'ఎస్ఆర్‌వీ' లాంటి చోట మౌంట్ చేయండి. విండోస్‌లో వాడిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ అయితే అనుమతులు మార్చినా మామూలుగా నిలవవు. ఫైళ్లు వేరేచోట దాచుకుని, లినక్స్ పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసుకోవడమే సుఖం.

తర్వాత ఇంకో చిక్కు రావచ్చు. మీ సైటు వర్డ్‌ప్రెస్‌తో (సైట్లు తయారుచేసే ప్రోగ్రామ్) చేసినదైతే మొదటి పేజీ వస్తుంది, లోపలి పేజీలన్నీ 404. అప్పుడు '.హెచ్‌టీయాక్సెస్' ఫైలు (ఆ ఫోల్డర్‌కి అపాచీ సెట్టింగులు ఉండేది) వచ్చిందో లేదో చూడండి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలుగా కనబడవు. నక్షత్రం గుర్తు పెట్టి కాపీ చేస్తే వెనకే ఉండిపోతాయి. ఫైలు ఉన్నా పనిచేయకపోతే కొత్త డైరెక్టరీ బ్లాక్‌లో ఆ ఫైలును పాటించమని చెప్పే 'అలౌఓవర్‌రైడ్ ఆల్' లేదన్నమాట. ఈసారి కాపీ చేసేటప్పుడు 'ఆర్‌సింక్ -ఎ' వాడండి, అనుమతులు కూడా వెంట వస్తాయి.

డేటాబేస్‌ను మాత్రం ఇప్పుడు కదపకండి. దానికి యాప్‌ఆర్మర్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లు తాకవచ్చో నియంత్రించే ఉబుంటు రక్షణ) కాపలా ఉంది, ఆ గొడవ వేరే ఉత్తరంలో రాస్తాను.

అంతా కుదిరాక ఒకసారి రీబూట్ చేసి చూడండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు మౌంట్ చేయాల్సిన డ్రైవ్‌ల జాబితా ఫైలు) డ్రైవ్ వివరం రాయకపోతే అది మౌంట్ కాదు, అపాచీకి ఖాళీ ఫోల్డరే దొరుకుతుంది. ఎస్‌డీబీ లాంటి పేర్లు మారిపోతుంటాయి కనుక యూయూఐడీ (డ్రైవ్‌కి ఉండే మారని గుర్తింపు సంఖ్య) రాయండి, దాంతో పాటు డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగకుండా 'నోఫెయిల్' కూడా. రీబూట్ తర్వాత సైటు తనంతట తాను తెరుచుకునేవరకు పాత డ్రైవ్‌లోని కాపీ చెరపకండి.

ఇంకా రాకపోతే లాగ్ వరుసలు ఉన్నవి ఉన్నట్టు పంపండి. ఫోన్లో తీసిన ఫొటో వద్దు, నా కళ్లకు ఆనదు.

మీ పెదనాన్న