పొగ తూచేవాడికి ఫీజు ఎవరిస్తారు?

సూరత్ అనగానే మనకు గుర్తొచ్చేది చీరలు. తెలంగాణ నుంచి సాంచెల (మరమగ్గాల) పనికని వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాంచె మీంచి దిగిన గుడ్డ రంగుకూ ప్రింటింగుకూ మిల్లుకు వెళ్తుంది. రంగు పట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కు బొగ్గో లిగ్నైటో.

ఆ పొగలో మసిని ఆపడం తెలియని విద్యేం కాదు. సైక్లోన్ అనే పరికరం పొగను గిర్రున తిప్పితే బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కిందికి జారతాయి. దాన్ని దాటిన సన్నటి ధూళి బ్యాగ్ ఫిల్టర్‌లో, గుడ్డ సంచులకు అంటుకుంటుంది. అయితే పెట్టడం వేరు, నడపడం వేరు. కరెంటు, సంచులు దులిపే మనిషి, చిరిగితే కొత్తవి, అంతా ఖర్చే. అడిగేవాళ్ళు లేకపోతే ఎవరు పెడతారు?

అడిగేవాళ్ళు కాగితం మీద ఉన్నారు. గుజరాత్‌లో కాలుష్యం ఎక్కువ వదిలే ఫ్యాక్టరీలు బయటి ఆడిటర్‌తో పొగ కొలిపించుకోవాలి. అదేమీ తేలిక పని కాదు. చిమ్నీ నిచ్చెనెక్కి, రంధ్రంలోంచి సన్నటి గొట్టం దూర్చి, పొగ ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో లాగాలి. ఇంకా జోరుగా లాగితే బరువైన రేణువులు మలుపు తిరగలేక పక్కనుంచి పోతాయి, లెక్క తక్కువొస్తుంది. తర్వాత వడపోత కాగితాన్ని తూచి, మసి పట్టకముందు బరువుతో తేడా చూడాలి. నిచ్చెన ఎక్కకుండా అంకె వేసేస్తే ఈ బాధే లేదు. అప్పట్లో ఆడిటర్‌ను పెట్టుకునేదీ ఫీజు ఇచ్చేదీ ఆ ఫ్యాక్టరీయే మరి.

2009లో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి దీన్ని పరీక్షకు పెట్టారు. ఘనపు మీటరు పొగలో మసికి పరిమితి 150 మిల్లీగ్రాములు. రిపోర్టుల్లో అంకెలు దానికి కాస్త కిందే గుంపు కట్టాయి. ఆడిటర్ల లెక్కలో పరిమితి దాటినవి 7 శాతం, మళ్ళీ వెళ్ళి కొలిస్తే 59 శాతం. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీ తీసి కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, అప్పుడప్పుడు వెనకాలే వెళ్ళి సరిచూశారు. అబద్ధపు రిపోర్టులు 80 శాతం తగ్గాయి. పాత పద్ధతిలో ఒకలా రాసిన ఆడిటరే ఇక్కడ ఇంకోలా రాశాడు. పొగ కూడా తగ్గింది.

2019లో సూరత్ ఇంకో అడుగు వేసింది. మిల్లులన్నీ కలిసి ఎంత మసి వదలొచ్చో టన్నుల్లో కోటా పెట్టారు. కోటా మిగిలినవాళ్ళు చాలనివాళ్ళకు అమ్ముకోవచ్చు. రేణువుల కాలుష్యానికి ప్రపంచంలో ఇదే మొదటి మార్కెట్. మసిని అమ్ముకోవడమేంటని మొదట నాకూ చిరాకేసింది. కానీ 300కు పైగా ఫ్యాక్టరీల్లో సుమారు సగాన్ని పాత పద్ధతిలోనే ఉంచి పోల్చితే, మార్కెట్‌లో ఉన్నవాటి మసి 20–30 శాతం తక్కువ. చిమ్నీలో మసిని కొలిచే సెన్సర్లు రెండు రకాల ఫ్యాక్టరీల్లోనూ ఉన్నాయి. మార్కెట్‌లో ఉన్నవాటికి మాత్రం సెన్సర్ అంకె జేబులోంచి డబ్బు తీస్తుంది, అదీ తేడా.

ఊరి గాలంతా శుభ్రపడిందని కాదు. బండ్ల పొగ, రోడ్డు దుమ్ము, చిమ్నీలోంచే వచ్చే సల్ఫర్ ఈ లెక్కలోకి రావు.

సెన్సర్ ఆపేస్తే పోలా? నేను మిల్లు ఓనరైతే ముందు అదే ఆలోచిస్తాను. అందుకే డేటా రాని సమయానికి కూడా ఓ అంకె వేస్తారు, ఎక్కువ వైపే.