పాత డెలివరీ వ్యాన్ల టాపు: అపోహలు - వాస్తవాలు

1928 నుంచి 1931 దాకా ఫోర్డ్ తయారుచేసిన మోడల్ ఏ డెలివరీ వ్యాన్లకు, అదే కాలపు ఇతర అమెరికన్ బండ్లకు చెక్కపని చేయడం నా వృత్తి. పక్కలకు కిటికీలు లేకుండా నిండుగా రేకు కట్టిన ఈ బండ్లు దుకాణాల నుంచి ఇళ్లకు సరుకులు చేరవేసేవి. వీటిని బాగు చేయించుకునేవారు ఇంజనుకు ఎంతైనా ఖర్చు పెడతారు. టాపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తారు.

అపోహ: డబ్బు మిగుల్చుకోవడానికే పైన రేకు మాని గుడ్డ వేశారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. బండి వెడల్పంతా ఒకే ముక్కగా వచ్చే మంచి రేకు ఆ రోజుల్లో దొరకడమే కష్టం. దొరికినా, నాలుగు అంచులా వంపు తిరిగేలా దాన్ని అచ్చు వేయగల పెద్ద ప్రెస్సులు అరుదు. పైగా ఆనుకోవడానికి ఏమీ లేని వెడల్పాటి రేకు ప్రయాణంలో డప్పులా మోగుతుంది. జనరల్ మోటార్స్ 1935 మోడళ్లలో 'టరెట్ టాప్' పేరుతో ఒకే ముక్క ఉక్కు కప్పు తెచ్చింది. ఆ ఏడు కూడా అదే కంపెనీ షెవర్లే కార్లలో చవక మోడల్ స్టాండర్డ్‌కు గుడ్డ కప్పే మిగిలింది. ఫోర్డ్ కార్లకు పూర్తి ఉక్కు కప్పు 1937లో వచ్చింది.

మన గూడుబండిని గుర్తు తెచ్చుకోండి. వెదురు బద్దలను వంచి, పైన చాప కప్పితే వాన నీరు నిలవకుండా జారిపోతుంది. ఇక్కడా అంతే. అడ్డంగా కమానులు, వాటి మీద నిలువుగా సన్నని బద్దలు, ఆపైన దూది పరుపు, కోరా గుడ్డ, చివరికి రెక్సిన్ లాంటి పూత గుడ్డ.

అపోహ: టేకు వేస్తే ఇక చూసుకోనక్కర లేదు.

టేకు గొప్ప కర్రే, కాదనను. కానీ దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, ఆవిరి పెట్టి వంచడానికీ అంతగా లొంగదు. కమానులకు నేను ఆష్ కలపనే వాడతాను. బేస్‌బాల్ బ్యాట్లు, పార పిడులు చేసే కర్ర అది. దెబ్బను ఓర్చుకుంటుంది, మేకును వదలదు. ఓక్ వాడితే ఇనప మేకు చుట్టూ నల్లటి మరక పడుతుంది. కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం, తేమ కలిసి మేకును తినేస్తాయి. ఫోర్డ్ అయితే కలప కోసం మిషిగన్‌లోని ఐరన్ మౌంటెన్‌లో సొంత కర్మాగారమే పెట్టుకుంది. అక్కడ మిగిలిన ముక్కలను బొగ్గు దిమ్మెలుగా చేసి అమ్మింది కూడా.

అపోహ: బద్దలన్నీ తీసి ఒక ప్లైవుడ్ పలక వేస్తే గట్టిగా ఉంటుంది.

ప్లైవుడ్ ఒకవైపు వంగుతుంది, రెండు వైపులా వంగదు. ఈ టాపు అడ్డంగానూ నిలువుగానూ కొద్దికొద్దిగా ఉబ్బి ఉంటుంది. బలవంతంగా వంచి బిగిస్తే ఏదో ఒక మూల లేచిపోతుంది. గుంతల రోడ్డు మీద బండి చట్రం మెలి తిరుగుతుంటే బద్దలు ఒకదాని పక్కన ఒకటి జరిగి సర్దుకుంటాయి. పలక సర్దుకోదు. ఆ ఒత్తిడంతా అంచు రేకు మీద పడి ముందు రంగు చిట్లుతుంది.

అపోహ: టాపు కురిస్తే తారు పూయాలి.

వద్దు. తారు గట్టిపడి పగులుతుంది, నీరు ఆ పగుళ్ల కింద దాక్కుంటుంది. అసలు కారేది టాపు మధ్యలో కాదు, అంచున గుడ్డను మేకులు కొట్టిన చోట. ఈమధ్య ఒక బండి అంచు పట్టీ విప్పాను. పైకి నిగనిగలాడుతున్న రెక్సిన్ కింద ప్రతి మేకు చుట్టూ రూపాయి బిళ్లంత తుప్పు మచ్చ ఉంది. గోరుతో నొక్కితే చెక్క తడి బెల్లంలా లోపలికి పోయింది.

అందుకే గుడ్డను ఎండ ఉన్న రోజునే వేస్తాను. వెచ్చదనానికి అది మెత్తబడి సాగుతుంది. మధ్య నుంచి రెండు పక్కలకూ లాగుతూ మొదట మేకులను సగం దాకానే కొడతాను. ముడతలన్నీ పోయాకే పూర్తిగా దిగగొడతాను. పట్టీ వేసే ముందు ప్రతి మేకు తల మీదా సీలెంటు చుక్క పడాలి. మర్నాడు పైపుతో నీళ్లు పోస్తూ, లోపల టార్చిలైటు పట్టుకుని ముందు మూలల నుంచి బద్దల సందులు ఒక్కొక్కటీ వెతుకుతాను. లోపలి గుడ్డ బిగించేది ఆ తర్వాతే.